వేడెక్కాక సిగ్నల్ దగ్గర ఆగిపోతున్న ఇంజన్: ముందు స్కానరా, ముందు క్లీనింగా?

రాజేంద్రనగర్_2014:
నాది 2014 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 86,000 కిలోమీటర్లు తిరిగింది. ఆరాంఘర్‌లో పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి మెహిదీపట్నంలో దిగుతాను. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుంది. పైన నడిపినంత సేపూ పికప్‌కు ఏ లోటూ లేదు. కిందికి దిగి సిగ్నల్ దగ్గర క్లచ్ తొక్కి నిలబెట్టానో, ఆర్పీఎం ముల్లు 700 నుంచి 500కి, 400కి జారి బండి ఆఫ్ అయిపోతుంది. ఏసీ వేస్తే ఇంకా తొందరగా. మళ్లీ సెల్ఫ్ కొడితే వెంటనే స్టార్ట్. యాక్సిలరేటర్ మీద కాలు కాస్త ఆనించి ఉంచితే అసలు ఆగదు. చెక్ ఇంజన్ లైట్ వెలగలేదు. ఒక గ్యారేజీలో ప్లగ్గులు, కాయిళ్లు మార్చి 6,400 తీసుకున్నారు, తేడా లేదు. రెండో చోట ఫ్యూయల్ పంపు అంటున్నారు, 7,800. అమ్మను వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు ఈ బండిలోనే తీసుకెళ్తాను. ఈసారి తప్పు పార్టుకు డబ్బు పెట్టలేను.

మలక్‌పేట్_గ్యారేజ్:
తమ్మీ, పంపు మార్చకు. పంపుల దమ్ము లేకుంటే ఫ్లైఓవర్ మీద 80ల పోతున్నప్పుడే గుంజుతది. బండి నిలబడి ఐడిల్‌ల ఉన్నప్పుడు ఇంజన్ తాగే పెట్రోల్ ఎంతుంటది? నీది గాలి అందని కేసు. ఇంజన్‌కు గాలొదిలే థ్రోటల్ బాడీ ఇప్పించి, ఐడిల్ వాల్వ్ విప్పించి క్లీన్ చేయించు. 22 ఏండ్ల సంది ఇదే పని చేస్తున్న.

పాతికేళ్ల_స్టీరింగ్:
మీరంతా అసలు దాన్ని వదిలేస్తున్నారు. ఈ20 పెట్రోల్. 2014 బండి 20 శాతం ఇథనాల్ కోసం తయారైంది కాదు. నా పాత బండికి కూడా ఇది మొదలైనప్పటి నుంచే మైలేజీ పడిపోయింది.

స్కాన్_ముందు:
గ్యారేజ్ గారూ, చూడకుండానే ఎలా చెప్పేస్తారు? వేడి మీద ఆగడానికి కారణాలు చాలా ఉన్నాయి. ఇంజన్ తిరుగుతున్నది ఈసీయూకు (ఇంజన్ కంప్యూటర్‌కు) చెప్పే క్రాంక్ సెన్సర్ వేడెక్కి సిగ్నల్ ఆపేయవచ్చు. కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ ఇంజన్ ఇంకా చల్లగానే ఉందని చెప్తే పెట్రోల్ ఎక్కువై మునిగిపోవచ్చు. పెట్రోల్ ఆవిరిని లాగే పర్జ్ వాల్వ్ తెరుచుకునే ఉండిపోవచ్చు. వాక్యూమ్ గొట్టం పగిలి ఉండవచ్చు. లైట్ వెలగలేదంటే లోపం లేదని కాదు, ఈసీయూ పెట్టుకున్న హద్దు దాటలేదని మాత్రమే.
రాజేంద్రనగర్ గారూ, బ్లూటూత్ స్కానర్ ఒకటి పెట్టి, వేడి ఇంజన్ మీద ఫ్యూయల్ ట్రిమ్ చూడండి, అంటే ఈసీయూ పెట్రోల్‌ను ఎంత శాతం పెంచుతోందో (ప్లస్), తగ్గిస్తోందో (మైనస్) చెప్పే అంకె. ఐడిల్‌లో ప్లస్ 20 ఉండి, 2,500 ఆర్పీఎం దగ్గర ప్లస్ 3కి దిగితే వాక్యూమ్ లీక్. పైకి వెళ్లేకొద్దీ పెరిగితే పెట్రోల్ సరఫరా తక్కువ. ఈ ఒక్క లెక్కతో పంపు సంగతి తేలిపోతుంది. ఈ20 సంగతి కూడా.

పాతికేళ్ల_స్టీరింగ్:
ఈ20 సంగతి లెక్కతో ఎలా తేలుతుంది?

స్కాన్_ముందు:
ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది. మామూలు పెట్రోల్ కిలోకు 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 చాలు. అంటే అదే గాలికి ఇంధనం ఎక్కువ పోయాలి. ఆక్సిజన్ సెన్సర్ చూసి ఈసీయూ ఆ పని చేస్తుంది. ఇంధనమే కారణమైతే ట్రిమ్ ఐడిల్‌లోనూ, 2,500లోనూ ప్లస్ వైపే ఉండాలి. సిగ్నల్ దగ్గర మాత్రమే ఎందుకు ఆగుతుంది?

మలక్‌పేట్_గ్యారేజ్:
సార్, క్రాంక్ సెన్సర్ అంటున్నరు. అది పోతే ముల్లు ఒక్కసారిగ సున్నాకు పడ్తది, బండి సల్లబడేదాంక స్టార్ట్ గాదు. తమ్మి ఏం రాసిండు? ముల్లు మెల్లమెల్లగ జారుతున్నది, వెంటనే స్టార్ట్ అయితున్నది. నేను చూడకుంట చెప్తలేను, ఆయన రాసింది చదివి చెప్తున్న. సల్లగున్నప్పుడు ఈసీయూ ఐడిల్‌ను పైన పెడ్తది, పెట్రోల్ కూడ ఎక్కువిస్తది. వేడెక్కినంక 750కి దించుతది. అప్పుడు థ్రోటల్ పలక మూసుకొని ఉంటది, పక్కన సన్న దారిల నుంచి ఐడిల్ వాల్వే గాలియ్యాలె. ఆ దారిల కార్బన్ పడితే ఇంజన్‌కు ఊపిరాడది. కాలు జర ఆనిస్తే పలక తెరుచుకుంటది, బతుకుతది.

ఉప్పల్_ఎలక్ట్రికల్:
అందరూ ఆగండి. బండిలో ఉన్నది మాఫ్ సెన్సరా, మాప్ సెన్సరా?

స్కాన్_ముందు:
ఏదైనా ట్రిమ్ ట్రిమ్మే కదా.

ఉప్పల్_ఎలక్ట్రికల్:
కాదు. మాఫ్ ఉంటే లోపలికి వచ్చే గాలిని కొలుస్తుంది. పగిలిన గొట్టంలో నుంచి దూరిన గాలి లెక్కలోకి రాదు, అందుకే ట్రిమ్ ప్లస్ 20కి పోతుంది. మన చిన్న కార్లలో చాలావాటికి మాప్ ఉంటుంది. అది మానిఫోల్డ్‌లో, అంటే థ్రోటల్ దాటాక గాలి ఇంజన్‌లోకి వెళ్లే గొట్టంలో, ప్రెషర్ చూస్తుంది. లీకైన గాలి కూడా ఆ ప్రెషర్‌లో కనిపిస్తుంది, ఈసీయూ దానికీ పెట్రోల్ పోస్తుంది. అలాంటి బండిలో లీకుంటే ఐడిల్ పెరుగుతుంది, ట్రిమ్ పెద్దగా కదలకపోవచ్చు. మీ లెక్క మాఫ్ బండి లెక్క.

స్కాన్_ముందు:
సరే, ఆ తేడా నేను రాయాల్సింది. అయినా చూడాలనే అంటాను.

బోయిన్‌పల్లి_డ్రైవర్:
పర్జ్ వాల్వ్‌కు స్కానర్ ఎందుకు? ఆ వాల్వ్ నుంచి ఇంజన్ వైపు ఒక గొట్టం పోతుంది. వేడి మీద ఆ గొట్టాన్ని గట్టిగా నొక్కిపెట్టి చూడండి, ఐడిల్ నిలబడితే దొంగ దొరికినట్టే. ఫ్యాన్‌కూ, బెల్టుకూ చెయ్యి దూరం.

మలక్‌పేట్_గ్యారేజ్:
చూసుడు చూసుడు అని అందరంటరు. చూసినందుకు పైసలెవరిస్తరు?

స్కాన్_ముందు:
నాకు అదే మండుతోంది. నా బండికి ఇదే సమస్య వస్తే, నగరంలో పేరున్న ఒక చోట మొదట సెన్సర్, తర్వాత కాయిల్, తర్వాత పంపు మార్చారు. మొత్తం 18,000. చివరికి ఇంటేక్ గొట్టం కింద వైపు చీలి ఉందని, వేడికి రబ్బరు మెత్తబడి చీలిక తెరుచుకుంటోందని నేనే కనిపెట్టాను. గొట్టం ఖరీదు 350. నిండు గర్భంతో ఉన్న నా భార్య లక్డీకాపూల్ సిగ్నల్ దగ్గర 40 నిమిషాలు ఆ బండిలో కూర్చుంది. "అనుభవం" అన్న మాటతో నా చేత మూడుసార్లు డబ్బు కట్టించారు.

మలక్‌పేట్_గ్యారేజ్:
మీకు అన్యాయం జరిగింది, కాదంటలేను. నా సంగతి కూడ ఇనుండ్రి. పోయిన నెల ఒకాయన ఇట్లనే ఆగే బండి తెచ్చిండు. రెండున్నర గంటలు కూసున్న. వేడి చేసిన, గొట్టాలన్ని సూసిన, ఒక కనెక్టర్‌ల తుప్పు దొరికింది. తుడిచిన, బండి నిలబడ్డది. 500 అడిగితే "ఏం పార్టేసినవు?" అన్నడు. పార్టేయలేదు కాబట్టి ఇయ్యలేదు. అదే 2,000 రూపాయల సెన్సర్ ఏసుంటే బిల్లు అడగకుంట కడ్తుండె. మరి మెకానిక్‌ను పార్టులు మార్చమని నేర్పిందెవరు?

స్కాన్_ముందు:
నేను కట్టేవాణ్ణి.

మలక్‌పేట్_గ్యారేజ్:
మీరు కడ్తుండెనేమో. నా కాడికొచ్చే పది మందిల తొమ్మిది మంది కట్టరు. నేను క్లీనింగ్ ముందంటున్నది ఎందుకంటే, దానికి పైసలొస్తయి, పార్టు దండగ గాదు, కస్టమర్‌కు నష్టం లేదు. నాకున్న దారిల అదే నీతిగల్ల దారి.

స్కాన్_ముందు:
అయితే మన గొడవ స్కానర్ గురించి కాదు.

మలక్‌పేట్_గ్యారేజ్:
ఎన్నడు గాదు. నా కాడ గూడ స్కానర్ ఉన్నది.

పాతికేళ్ల_స్టీరింగ్:
నా ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు. పాత బండి రబ్బరు గొట్టాలను ఇథనాల్ పాడు చేయదా?

ఉప్పల్_ఎలక్ట్రికల్:
పెట్రోల్ తగిలే పాత రబ్బరుకు ఆ భయం నిజమే సార్. వాటిని చూపించుకోండి. కానీ ఈ బండి ఆగేది గాలి వైపు.

రాజేంద్రనగర్_2014:
నిన్న సాయంత్రం తెలిసినవాళ్ల స్కానర్ తెచ్చి పెట్టాను. మాప్ సెన్సరే. కూలెంట్ 91 డిగ్రీలు, అది సరిగ్గానే చెప్తోంది. ట్రిమ్ ఐడిల్‌లో ప్లస్ 2, 2,500 దగ్గర ప్లస్ 4. పర్జ్ గొట్టం నొక్కితే మార్పు లేదు.

స్కాన్_ముందు:
ఇంత చిన్న ప్లస్ మామూలే. అంటే గాలి, పెట్రోల్ పాళ్లు సరిగ్గా ఉన్నాయి, ఉన్నంత గాలికి తగ్గ పెట్రోల్ పడుతోంది. గాలే తక్కువ. గ్యారేజ్ గారు చెప్పిందే.

రాజేంద్రనగర్_2014:
ఈ రోజు మలక్‌పేట అన్న దగ్గరికే వెళ్లాను. ముందే చెప్పాను, ఏం దొరకకపోయినా చూసినందుకు 500 ఇస్తానని. థ్రోటల్ బాడీ విప్పితే పలక అంచు చుట్టూ నల్లటి జిడ్డు, ఐడిల్ వాల్వ్ మొన మీద కార్బన్ గట్టిపడి ఉంది. క్లీనర్ కొట్టి తుడిచి బిగించాక మొదట ఐడిల్ 1,500 మీద నిలబడింది, భయమేసింది. ఈసీయూ కొత్తగా నేర్చుకోవాలని చెప్పి, బ్యాటరీ టెర్మినల్ తీసిపెట్టి, స్టార్ట్ చేసి పావుగంట అలాగే వదిలేశాడు. 780కి వచ్చి నిలబడింది. చూసినందుకు 500, క్లీనింగ్‌కు 900 ఇచ్చాను.

స్కాన్_ముందు:
ఏసీ వేసి చూశారా?

రాజేంద్రనగర్_2014:
గ్యారేజీలో చూశాం, ఆగలేదు. మెహిదీపట్నం దిగాక ఇంకా చూడలేదు. రేపు పొద్దున 6 గంటలకు అమ్మకు డయాలసిస్ ఉంది, ఏసీ వేసుకునే వెళ్తాం.

మలక్‌పేట్_గ్యారేజ్:
దిగినంక ఫోన్ చెయ్యి తమ్మీ. లేచే ఉంట.