ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ (ఆన్‌లైన్ గేమ్): ఏ స్కిల్ 99 (ఆఖరి లెవెల్) చేయడానికి మీకు ఎంత ఖర్చయింది?

పటమట_కుర్రాడు:
అన్నలందరికీ నమస్తే. నా దగ్గర 60 మిలియన్ జీపీ (గేమ్‌లో డబ్బు) ఉంది, అంటే మన లెక్కలో 6 కోట్లు. నా లెవెల్స్: క్రాఫ్టింగ్ 61, స్మితింగ్ (లోహం పని) 58, హెర్బ్‌లోర్ (మందుల తయారీ) 45, ఫ్లెచింగ్ (విల్లు, బాణాల తయారీ) 70, కన్‌స్ట్రక్షన్ (ఇల్లు కట్టడం) 33. వీటిలో ఏది 99 చేయడానికి ఎంత ఖర్చవుతుంది? దేనిలో డబ్బులు వెనక్కి వస్తాయి? నాకైతే ముందు కన్‌స్ట్రక్షన్ చేద్దామని ఉంది. రోజుకి రెండు గంటలు, అదీ ఎక్కువగా ఫోన్‌లోనే. మెంబర్‌షిప్ బాండ్ (జీపీతో కొనుక్కునే పాస్) మీదే నడుస్తోంది కాబట్టి 14 రోజులకోసారి ఆ డబ్బు కూడా తీసి పెట్టుకోవాలి.

బ్రాడీపేట_ఆల్కర్:
క్రాఫ్టింగ్ చెయ్యి తమ్ముడూ, ఇంకేం ఆలోచించకు. 63 రాగానే గ్రీన్ డీహైడ్ బాడీలు (డ్రాగన్ తోలు చొక్కాలు). మూడు లెదర్‌లకి ఒక బాడీ, 186 ఎక్స్‌పీ (లెవెల్ పెంచే పాయింట్లు). దాన్ని హై ఆల్క్ (వస్తువుని డబ్బుగా మార్చే మంత్రం) చేస్తే 4,680 జీపీ వస్తుంది. నేను 63 నుంచి 99 దాకా ఇదే చేశా, 68 వేల పైన బాడీలు. అన్నీ ఆల్క్ చేయడానికే 56 గంటలు పట్టింది, గంటకి 1,200 కంటే ఎక్కువ కావు మరి. పోయింది కొంచెమే. మ్యాజిక్ ఎక్స్‌పీ ఒక్కో ఆల్క్‌కి 65 చొప్పున ఊరికే వచ్చింది. గుంటూరు నుంచి బెజవాడ ఆఫీసుకి బస్సులో వెళ్తూ, వస్తూ, ఒక్క వేలితో అయిపోయింది.

కృష్ణలంక_ఓక్:
అతను అడిగింది కన్‌స్ట్రక్షన్ కదా. నాకు కన్‌స్ట్రక్షన్ దాదాపు ఫ్రీగా అయింది. ఓక్ లాగ్స్ (దుంగలు) నేనే కొట్టుకున్నా. వాటిని ప్లాంక్స్ (చెక్కలు)గా కోయించడానికి సామిల్లులో ప్లాంక్‌కి 250 కట్టా, అంతే. లాగ్స్‌కి పైసా పెట్టలేదు. ఇప్పుడు 83లో ఉన్నా. కొనుక్కునేవాళ్లు డబ్బు ఎందుకు తగలేస్తారో నాకు అర్థం కాదు.

మిర్చియార్డ్_బాయ్:
ఫ్రీ అనే మాట దగ్గరే నాకు ఒళ్లు మండుతుంది. 83 అంటే 44 వేల ప్లాంక్స్ పైమాటే. గంటకి వెయ్యి ఓక్ లాగ్స్ కొట్టావనుకున్నా 44 గంటలు చెట్టు దగ్గర నిలబడ్డావు. ఆ 44 వేల లాగ్స్ జీఈలో (ఆటగాళ్లు కొని అమ్ముకునే మార్కెట్) అమ్మితే వచ్చే డబ్బు నీ ఖర్చు కాదా? నీ దగ్గరున్నంత మాత్రాన దానికి ధర లేకుండా పోతుందా?

కృష్ణలంక_ఓక్:
నా జేబులోంచి పోలేదుగా. పోనిదాన్ని ఖర్చని ఎట్టా అంటారు?

మిర్చియార్డ్_బాయ్:
మాది మిర్చి పండించే ఇల్లు. సొంత పొలం, సొంత బోరు. మా నాన్న ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా "మన కాయేగా, ఫ్రీ" అనలేదు. కోత కూలీ ఉంటుంది. కల్లంలో ఎండబెట్టి రాత్రి మంచు పడకుండా పట్టా కప్పి కాపలా పడుకోవాలి. గోతాలు, యార్డు దాకా కిరాయి, కమీషన్. యార్డులో వ్యాపారి గోతంలో మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగు కాయ తీస్తాడు. తొడిమ విరిచి రంగు చూస్తాడు, గుప్పిట్లో నలిపి గలగల వినపడుతుందో లేదో చూస్తాడు. ఆ నిమిషంలో మా నాన్న మొహం నేను చూశా. అప్పుడు ఎవరైనా వచ్చి మీ పంట మీకు ఫ్రీగా వచ్చిందంటే ఏమంటావు? లాగ్ అయినా కాయ అయినా, అమ్మితే వచ్చేదాన్ని వాడుకున్నావంటే అది ఖర్చే.

కృష్ణలంక_ఓక్:
రైతు కష్టాన్ని తెచ్చి గేమ్‌లో పెట్టొద్దు బ్రో. నేను ఆడేది సరదాకి. చెట్టు కొట్టడం నాకు ఇష్టం, వుడ్‌కటింగ్ ఎక్స్‌పీ కూడా వచ్చింది. దాన్ని నీ లెక్కలో ఎక్కడ వేశావు?

మిర్చియార్డ్_బాయ్:
అది ఒప్పుకుంటా. వుడ్‌కటింగ్ కూడా కావాలనుకుంటే ఆ గంటలు సగం అటు వెయ్యి. కానీ 6 కోట్లే ఉన్న కుర్రాడికి "ఫ్రీ" అని చెప్పకు. నమ్మి మొదలుపెడితే మధ్యలో బాండ్‌కి డబ్బు లేక ఆగిపోతాడు.

లెజెండ్_2005:
మీ గొడవ చూస్తే జాలేస్తోంది. నేను 2005లో ఏలూరు రోడ్డులో నెట్ సెంటర్‌కి గంటకి పదిహేను రూపాయలు కట్టి ఈ గేమ్ ఆడినవాణ్ని. ఓల్డ్ స్కూల్ 2013లో మొదలైన రోజు నుంచీ ఉన్నా. ఓక్ అనేది పిల్లల పని. మహాగనీ టేబుల్స్ చెయ్యండి, ప్లాంక్‌కి 140 ఎక్స్‌పీ. టైమ్ విలువ తెలిసినవాడు అదే చేస్తాడు. జీఈ ట్యాక్స్ కూడా 1 శాతమేగా, కొని అమ్ముకుంటే డబ్బు దానంతటదే వస్తుంది.

బ్రాడీపేట_ఆల్కర్:
అన్నా, ట్యాక్స్ 1 శాతం అనేది 2021 డిసెంబర్‌లో పెట్టినప్పటి మాట. తర్వాత 2 శాతం చేశారు. తక్కువ మార్జిన్‌తో కొని అమ్మేవాళ్లకి అందులోనే లాభం మొత్తం పోతుంది.

మిర్చియార్డ్_బాయ్:
మహాగనీ ఒక్క ప్లాంక్‌కి సామిల్లు 1,500. 52 నుంచి 99 దాకా టేబుల్స్ అయితే 92 వేల పైన ప్లాంక్స్. సామిల్లుకే 13.8 కోట్లు, లాగ్స్ వేరే. కుర్రాడి దగ్గర ఉన్నది 6. పోస్ట్ చదివి సలహా ఇవ్వండి సార్.

లెజెండ్_2005:
నాకు లెక్కలు నేర్పకు. నువ్వు ఎలిమెంటరీ స్కూల్లో ఉన్నప్పుడు నా టోటల్ లెవెల్ రెండు వేలు. డబ్బు లేకపోతే ముందు సంపాదించుకుని రమ్మను.

తెనాలి_గుండు:
స్మితింగ్ గురించి ఎవరూ చెప్పట్లేదు, నేను చెప్తా. కెనాన్‌బాల్స్. ఒక స్టీల్ బార్‌కి నాలుగు గుండ్లు, 25.6 ఎక్స్‌పీ. లాభం ఉంది, చెయ్యి కదపక్కర్లేదు. కానీ మామూలు మౌల్డ్ (అచ్చు)తో నాకు గంటకి 600 బార్లే అవుతున్నాయి. 99 దాకా అయితే 5 లక్షల బార్లు, అంటే 800 గంటల పైనే. నేను 74లో ఆపేశా. అక్కడి నుంచి బ్లాస్ట్ ఫర్నేస్ (కొలిమి)లో గోల్డ్ ఓర్ (బంగారు ఖనిజం) కరిగించడమే. గోల్డ్‌స్మిత్ గాంట్లెట్స్ (చేతి తొడుగులు) వేసుకుంటే బార్‌కి 22.5 ఎక్స్‌పీ కాస్తా 56.2 అవుతుంది. డబ్బు పోతుంది, కానీ మనిషి మిగులుతాడు. ఫోన్‌లో మాత్రం బ్లాస్ట్ ఫర్నేస్ చాలా చిరాకు. మే నెలలో కరెంటు పోయి ఫ్యాన్ ఆగితే ఫోన్ పెనంలా కాలుతుంది.

నల్లపాడు_హెర్బ్:
హెర్బ్‌లోర్‌లో పడకండి. ప్రేయర్ పోషన్ 87.5 ఎక్స్‌పీ. వాటితోనే 99 అంటే లక్షా నలభై ఎనిమిది వేల పోషన్లు. నేను డబ్బు చాలక బయట ఒక వెబ్‌సైట్‌లో గోల్డ్ (జీపీ) కొన్నా. మూడో రోజు అకౌంట్ బ్యాన్. నాలుగేళ్ల అకౌంట్. ఇంట్లో చెప్పుకోలేక రెండు రోజులు అన్నం సయించలేదు.

కృష్ణలంక_ఓక్:
ఇదిగో, కొనుక్కోవడం మరిగితే జరిగేది ఇదే.

మిర్చియార్డ్_బాయ్:
జీఈలో ప్లాంక్స్ కొనడం వేరు, బయట గోల్డ్ కొనడం వేరు. రెండూ ఒకటని చెప్పి గెలుద్దామని చూడకు.

సత్తెనపల్లి_చెల్లి:
క్రాఫ్టింగ్‌లో ఇసుకతో గ్లాస్ ఊదేవాళ్లు ఉన్నారా? "హ్యాండ్ ఇన్ ది శాండ్" క్వెస్ట్ అయ్యాక బర్ట్ అనే క్యారెక్టర్ రోజుకి 84 బకెట్ల ఇసుక పంపిస్తాడు. నేను రోజూ పొద్దున కాఫీ తాగుతూ అది ఒక్కటి తీసుకుని లాగౌట్ అవుతా. ఏడాది నుంచి చేస్తున్నా, ఇసుకకి ఒక్క జీపీ పెట్టలేదు. మిర్చియార్డ్ అన్నా, ఇది కూడా ఖర్చే అంటారా?

మిర్చియార్డ్_బాయ్:
ఇసుకకి ధర ఉంది కాబట్టి ఖర్చే చెల్లీ. కానీ నీకు పట్టే టైమ్ అర నిమిషం. చెట్టు దగ్గర 44 గంటలకీ దీనికీ పోలిక లేదు. అది మానకు.

పటమట_కుర్రాడు:
అన్నా, నా ప్రశ్న అలాగే ఉండిపోయింది. ఓక్‌తో 99 చేయడానికి నా 6 కోట్లు చాలతాయా, చాలవా?

మిర్చియార్డ్_బాయ్:
చాలవు తమ్ముడూ. నువ్వు సరిగ్గా 33లో ఉన్నావు, ఓక్ లార్డర్ (వంటసామాను అలమర) అక్కడే మొదలు. ఒక లార్డర్‌కి 8 ప్లాంక్స్, 480 ఎక్స్‌పీ. 99 దాకా 27,118 లార్డర్లు, 2,16,944 ప్లాంక్స్. సామిల్లుకే 5.42 కోట్లు. 50 దగ్గర డెమన్ బట్లర్‌ని (ప్లాంక్స్ మోసి తెచ్చే పనివాడు) పెట్టుకుంటే ఎనిమిది ట్రిప్పులకి పది వేలు, మొత్తం మీద ఇంకో కోటి పైన. లాగ్స్ కొనడానికి నీ దగ్గర ఏమీ మిగలదు.
అసలు 99 ఎందుకు? ఇంట్లో నీకు కావాల్సింది ఆర్నేట్ పూల్ (ఆరోగ్యం నింపే కొలను), ఆర్నేట్ జ్యువెలరీ బాక్స్ (వేరే చోట్లకి టెలిపోర్ట్ చేసే పెట్టె). వాటికి 90, 91 కావాలి. క్రిస్టల్ సా (రంపం) లెవెల్‌ని 3 పెంచుతుంది, స్పైసీ స్ట్యూ (మసాలా కూర) కుదిరితే 5. అంటే 83లో ఉండి రెండూ కట్టొచ్చు. 83 అంటే 26.7 లక్షల ఎక్స్‌పీ, 99లో ఐదో వంతు. ప్లాంక్స్ 44,248, సామిల్లు 1.1 కోట్లు, బట్లర్ 22 లక్షలు. లాగ్స్ కొనుక్కున్నా నీ దగ్గర బాండ్‌లకి మిగులుతుంది.

కృష్ణలంక_ఓక్:
నేను 83లో ఆగింది కూడా అందుకే. ఆ మాట నేనే ముందు చెప్పాల్సింది.

తెనాలి_గుండు:
ఫోన్‌లో చేస్తే బస్సులో మాత్రం వద్దు. మంగళగిరి దగ్గర నాకు సిగ్నల్ పోయి బట్లర్ ప్లాంక్స్ పట్టుకుని అలా నిలబడిపోయేవాడు. ఇంట్లో వైఫై మీద చెయ్యి.

పటమట_కుర్రాడు:
సరే అన్నా, 83కే ఫిక్స్. తర్వాత క్రాఫ్టింగ్ ఆల్క్. ఈ రాత్రికే లాగ్స్ ఆర్డర్ పెడతా. స్పైసీ స్ట్యూకి మసాలా ఎక్కడ దొరుకుతుంది? జీఈలో కనపడట్లేదు.

సత్తెనపల్లి_చెల్లి:
అది కొనుక్కునేది కాదు. ఎడ్జ్‌విల్‌లో ఈవిల్ డేవ్ వాళ్ల ఇంటి కింద గదిలో ఎలుకల మీదకి పిల్లిని వదలాలి. ఆరెంజ్ మసాలా కావాలి నీకు. స్ట్యూ తాగితే ఒక్కోసారి లెవెల్ తగ్గుతుంది కూడా, కాబట్టి బాగా పోగేసుకో. నీ దగ్గర పిల్లి ఉందా?

పటమట_కుర్రాడు:
లేదక్కా.

సత్తెనపల్లి_చెల్లి:
అయితే ఇవాళే ఒక పిల్లిపిల్లని తెచ్చుకో. లార్డర్లు కట్టేటప్పుడు పక్కనే పెట్టుకుని మేపుతూ ఉండు. నువ్వు 83కి వచ్చేసరికి అది పెద్దదవుతుంది.