అప్‌డేట్: మట్టి దాక చెమర్చడం ఆగింది, దారం గొడవ కూడా తీరింది

పోయిన వారం అడిగాను కదా, మా వీధి చివర చిన్న క్రాఫ్ట్ షాపులో కొన్న మట్టి దాక అడుగున చెమరుస్తోంది, అక్కడే కొన్న సూదితో మిషన్ మీద దారం తెగుతోంది, రెండూ వాపస్ ఇచ్చేయనా అని. ఇవ్వలేదండి. మీరు చెప్పినట్టే దాకని రోజంతా నీళ్ళలో నానబెట్టి, ఆరాక గంజి పోసి సన్న సెగ మీద మరిగించా, రెండుసార్లు చేసేసరికి చెమ్మ ఆగింది, నిన్న చేపల పులుసు కూడా పెట్టేశా (మా అత్తయ్య మళ్ళీ వేయించుకున్నారు, అదీ సంగతి). గ్లేజ్ (గాజులాంటి పూత) లేని మట్టికి సన్న రంధ్రాలుంటాయి కదా, గంజి వాటిని పూడ్చేస్తుంది. సూది విషయంలో తప్పు నాదే, జీన్స్‌కి 11 నంబర్ సన్న సూది వేశా, 16 నంబర్ లావు సూది వేశాక దారం ఒక్కసారీ తెగలేదు. షాపావిడని ఊరికే తిట్టుకున్నా పాపం. శనివారం వెళ్ళి ఇంకో చిన్న మూకుడు తెచ్చుకుంటా.