తలకు దెబ్బ తగిలినవారికి వీడియో కాల్ థెరపీ: సాయమా, చేతులు దులుపుకోవడమా?

పటమట పద్మ: మా ఆయనకు 2019 డిసెంబరులో వారధి దగ్గర బైక్ యాక్సిడెంట్ అయింది. తలకు ఆపరేషన్ చేశారు. 2020 మార్చి 25న లాక్‌డౌన్ పెట్టేనాటికి పట్టుకుని నాలుగడుగులు వేస్తున్నారు. ఇంటికొచ్చి వ్యాయామాలు చేయించే ఫిజియో ఆ రోజు నుంచి రావడం మానేసి, వారానికి మూడు వీడియో కాల్స్ అన్నాడు. ఫీజు మాత్రం తగ్గించలేదు. మళ్ళీ అలాంటి రోజులొస్తే ఇదే మంచి పద్ధతని మొన్న మన గ్రూపులో ఒకరు రాశారు. నేను ఒప్పుకోను. మొదటి ఆరు నెలల్లోనే ఎక్కువగా కోలుకుంటారని ఆస్పత్రిలో మరీ మరీ చెప్పారు. అందులో మూడు నెలలు ఫోన్ ముందే గడిచిపోయాయి.

గుంటూరు ఫిజియో: పద్మ గారూ, ఆ మాట రాసింది నేనే. అప్పుడు కృష్ణా, గుంటూరు జిల్లాలు రెండూ కోవిడ్ కేసులు ఎక్కువున్న రెడ్ జోన్. రోజుకు ఏడెనిమిది ఇళ్ళు తిరిగేవాణ్ణి. అలాగే తిరిగితే ఒక ఇంటి జబ్బు ఇంకో ఇంటికి మోసేది నేనే. మా పేషెంట్లలో గొంతుకు గొట్టం ఉన్నవాళ్ళు, మింగడం సరిగ్గా రానివాళ్ళు ఉంటారు. వాళ్ళకు కోవిడ్ వస్తే తట్టుకోగలరా? ఇంకో సంగతి. వీడియోలో నాకు వాళ్ళ ఇల్లు కనిపించింది. ఒకాయన రోజూ ఎందుకు పడిపోతున్నాడో క్లినిక్‌లో అంతుపట్టలేదు. ఫోన్‌లో బాత్‌రూమ్ గడప చూశాక అర్థమైంది.

కృష్ణలంక: మా సందులో సిగ్నలే రాదు. ఇంక వీడియో ఎక్కడిది?

కొత్తపేట మెడికల్స్: ఫోన్‌ని పూర్తిగా తీసిపారేయకండి. తల దెబ్బ తర్వాత వాడే ఫిట్స్ మాత్రలు ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికొస్తుంది. లాక్‌డౌన్ మొదలైన రోజే డాక్టర్లు ఫోన్‌లో చూసి మందులు రాయడానికి కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. వాట్సాప్‌లో చీటీ వచ్చేది, మేం మందులు పంపేవాళ్ళం.

పటమట పద్మ: మందుల సంగతి వేరండి. తెర మీద మనిషి మాట్లాడుతుంటే ఆయనకు పది నిమిషాల్లో తలనొప్పి. మాట ఆగి ఆగి వస్తే చిరాకు. రెండుసార్లు ఫోన్ విసిరేశారు. థెరపిస్టు "ఇప్పుడు లేపండి" అనేవాడు. ఎనభై కిలోల మనిషిని లేపింది నేను. ఫీజు థెరపిస్టుకు!

గుంటూరు ఫిజియో: నేను సగం ఫీజే తీసుకున్నాను.

పటమట పద్మ: మీ సంగతి కాదు, మా ఇంటికొచ్చినాయన సంగతి చెబుతున్నాను.

గుంటూరు ఫిజియో: అందరూ దోచుకున్నట్టు రాస్తే బాధగా ఉండదా? కొంతమంది దగ్గర అసలు తీసుకోలేదు. లెక్కలు చూపించమంటే చూపిస్తాను.

బ్రాడీపేట: ఫీజు గొడవ ఆపండి. మా అమ్మకు తలకు ఎడమవైపు దెబ్బ తగిలి మాట పోయింది. ఎదుటివాళ్ళ పెదాలు చూసి అర్థం చేసుకునేది. బయట అందరికీ మాస్కులే, ఆమెకు ఒక్క ముక్క తెలిసేది కాదు. స్పీచ్ థెరపిస్టు వీడియోలో మాస్కు లేకుండా మాట్లాడాకే "నీళ్ళు" అనగలిగింది. మాకు వీడియోనే మేలు చేసింది.

గుంటూరు ఫిజియో: నేను చెప్పేదీ అదే. మా ఇంట్లో ఆస్తమాతో బాధపడే తల్లి ఉంది. మీ గడప తొక్కి వెళ్ళి ఆమెకు అంటిస్తే ఎవరిది బాధ్యత? మా ప్రాణాలకు విలువ లేదా?

పటమట పద్మ: మిమ్మల్ని రమ్మని ఎక్కడ రాశాను? పైనుంచి మళ్ళీ చదవండి. రాలేదని కాదు నా బాధ. ప్రతి కాల్‌లోనూ "ఎన్నిసార్లు చేయించారమ్మా" అన్న లెక్కే. "నువ్వు పడుకున్నావా, తిన్నావా" అని ఒక్కరోజూ అడగలేదు. నుదుటి వైపు మెదడు దెబ్బతింటే కోపం అదుపులో ఉండదట. ఆయన నన్ను కొట్టేవారు. దెబ్బ తగలకముందు గట్టిగా ఒక మాట అన్న మనిషి కాదు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి, ఆయన పక్కనే ఉండగా ఆ మాట ఎలా చెప్పను? ఇంటికొచ్చే రోజుల్లోనైతే గుమ్మం దాకా వెళ్ళి చెప్పుకునేదాన్ని. పోయింది ఆ గుమ్మం దగ్గరి రెండు నిమిషాలు.

గుంటూరు ఫిజియో: ఇది నాకు తట్టలేదు పద్మ గారూ. మా పేషెంట్ల ఇళ్ళల్లోనూ ఆడవాళ్ళే చేయించారు. వాళ్ళతో విడిగా నేనెప్పుడూ మాట్లాడలేదు. అయినా అది ఫిజియో ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. దానికి వేరే మనిషి ఉండాలి.

పటమట పద్మ: ఉండాలి. లేనప్పుడు మీరే అడగాలి.

మంగళగిరి (కొత్త సభ్యురాలు): అక్కా, మా నాన్నకు నాలుగు నెలల క్రితం దెబ్బ తగిలింది. అమ్మను కొడుతున్నారు. బయట చెబితే పరువు పోతుందంటోంది. ఏం చేయాలి?

పటమట పద్మ: ముందు న్యూరో డాక్టర్‌కి ఉన్నది ఉన్నట్టు చెప్పు తల్లీ, కోపానికీ మందులుంటాయి. కొట్టే సమయానికి అమ్మను ఆ గదిలో ఒంటరిగా ఉండనివ్వకు. 14416, టెలి మానస్, మనసు బాధలు చెప్పుకునే ప్రభుత్వ ఫోన్ లైన్. ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడతారు. నాన్నగారు పడుకున్నాక మేడ మీదికి తీసుకెళ్ళి అమ్మ చేతే ఫోన్ చేయించు.