నమ్మకమైన వెబ్‌సైట్ ఒక్క కంప్యూటర్‌లోనే సర్టిఫికెట్ లోపం చూపిస్తోంది: కారణం ఏమై ఉంటుంది?

ప్రశ్న:

నేను చాలా ఏళ్లుగా వాడుతున్న ఒక వెబ్‌సైట్ నిన్న సాయంత్రం నుంచి నా డెస్క్‌టాప్ కంప్యూటర్‌లో తెరుచుకోవడం లేదు. చిరునామా కొట్టగానే ఎర్రటి హెచ్చరిక గుర్తుతో “మీ కనెక్షన్ ప్రైవేట్‌గా లేదు” అనే పేజీ వస్తోంది. అదే వైఫై మీద నా ఫోన్‌లో ఆ సైట్ ఏ ఇబ్బందీ లేకుండా తెరుచుకుంటోంది. కంప్యూటర్‌లో కూడా మిగతా సైట్లు, నేను చూసినంతవరకు, బాగానే పనిచేస్తున్నాయి. క్రోమ్‌లో కుకీలు, కాష్ అన్నీ చెరిపేశాను. ఫైర్‌ఫాక్స్‌లో ప్రయత్నిస్తే అక్కడా ఇదే తరహా హెచ్చరిక కనిపించింది. గడియారం తప్పుగా ఉన్నా ఇలా జరుగుతుందని ఎక్కడో చదివి అది కూడా చూశాను, నిమిషంతో సహా సరిగానే ఉంది. ఈ సైట్‌లో నాకు ఖాతా ఉంది, పాస్‌వర్డ్ ఇచ్చి లోపలికి వెళ్లాలి కాబట్టి తొందరపడడం ఇష్టం లేక అడుగుతున్నాను. లోపం సైట్‌దా, నా కంప్యూటర్‌దా?

మొదటి జవాబు:

తెలిసిన సైటే కాబట్టి భయపడనవసరం లేదు. ఆ హెచ్చరిక పేజీలో “అధునాతనం” అన్న బటన్ నొక్కితే ముందుకు వెళ్లే లింకు కనిపిస్తుంది, దాని మీద నొక్కండి. నేను ఎప్పుడూ అలాగే చేస్తాను.

రెండో జవాబు:

పై సలహాతో నేను ఏకీభవించలేను. సైట్ నమ్మకమైనదా కాదా అన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. ఈ క్షణంలో మీ బ్రౌజర్‌కు జవాబిస్తున్నది నిజంగా ఆ సైటేనా, లేక మధ్యలో మరెవరైనా దాని పేరు పెట్టుకుని కూర్చున్నారా అన్నదే బ్రౌజర్ తేల్చుకోలేకపోతున్న విషయం. పాస్‌వర్డ్ ఇవ్వవలసిన చోట ఆ సందేహాన్ని తోసిపుచ్చి ముందుకు వెళ్లడమంటే, తాళం చెవి ఎవరి చేతిలో పెడుతున్నామో చూడకుండా ఇచ్చేయడమే.

సైట్ తన గుర్తింపుగా చూపే డిజిటల్ పత్రమే సర్టిఫికెట్. అందులో బ్రౌజర్ ముఖ్యంగా చూసేవి మూడు: సర్టిఫికెట్ మీద ఉన్న పేరు మీరు కొట్టిన చిరునామాతో సరిపోతోందా, దానిని జారీ చేసిన సంస్థను తాను నమ్ముతుందా, ఈ రోజు తేదీ దాని చెల్లుబాటు కాలంలో ఉందా. ఇందులో ఏది తప్పిందో హెచ్చరిక పేజీ అడుగున చిన్న అక్షరాలలో ఉండే కోడ్ చెబుతుంది. క్రోమ్‌లో అయితే పేరు కుదరనప్పుడు ‘కామన్ నేమ్ ఇన్‌వాలిడ్’ అనీ, జారీ చేసినవారిని గుర్తించనప్పుడు ‘అథారిటీ ఇన్‌వాలిడ్’ అనీ, తేదీ పొసగనప్పుడు ‘డేట్ ఇన్‌వాలిడ్’ అనీ అందులో ఉంటుంది. చాలామంది ఈ కోడ్‌ను చదవకుండానే కాష్ చెరపడం, బ్రౌజర్‌ను తీసేసి మళ్లీ వేసుకోవడం లాంటి పనులన్నీ చేస్తారు. ఈ మూడింటిలో దేనికీ వాటితో సంబంధం లేదు.

దయచేసి ఆ కోడ్ ఏమిటో చెప్పండి. అలాగే చిరునామా పట్టీకి ఎడమవైపున ఉన్న “సురక్షితం కాదు” మీద నొక్కి సర్టిఫికెట్ వివరాలు తెరిచి, జారీ చేసినవారి పేరు, మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ రాసుకోండి. ఫోన్‌లోనూ అవే వివరాలు చూసి పోల్చండి. జారీ చేసినవారి చోట మీ యాంటీవైరస్ పేరు కనిపిస్తే, అది మీ సంభాషణను మధ్యలో విప్పి తనిఖీ చేసి, తన సొంత సర్టిఫికెట్‌తో తిరిగి మూస్తోందని అర్థం. అప్పుడు చికిత్స వేరు.

ప్రశ్న అడిగినవారు:

ధన్యవాదాలు. కోడ్‌లో ‘డేట్ ఇన్‌వాలిడ్’ అని ఉంది. జారీ చేసిన సంస్థ ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ ఒకటే, యాంటీవైరస్ పేరు ఎక్కడా లేదు. చెల్లుబాటు నవంబర్ 11 నుంచి ఫిబ్రవరి 9 వరకు అని రెండింటిలోనూ ఉంది, అంటే గడువు తీరలేదు. ఇదే నాకు అంతుపట్టడం లేదు. మొదటి జవాబులో చెప్పిన లింకు నాకు కనిపించనే లేదు.

మూడో జవాబు:

లింకు కనిపించకపోవడం మంచిదే. కొన్ని సైట్లు తమను సురక్షిత మార్గంలో తప్ప తెరవవద్దని బ్రౌజర్‌కు ముందే చెప్పి ఉంచుతాయి. హెచ్‌ఎస్‌టీఎస్ అనే ఆ నియమం ఉన్న చోట బ్రౌజర్ దాటుకుపోయే దారి ఇవ్వదు.

ఇక అసలు విషయానికి వస్తే, తేదీ లోపం అనగానే అందరూ గడువు ముగిసిందేమోనని చూస్తారు గానీ, సర్టిఫికెట్ ఇంకా మొదలుకాకపోయినా ఇదే కోడ్ వస్తుంది. మీరు గడియారంలో గంటలూ నిమిషాలూ చూశారు, తేదీ చూశారా? సైట్ 11వ తేదీన కొత్త సర్టిఫికెట్ తీసుకుంది. మీ కంప్యూటర్ ఇంకా 9నో 10నో ఉంటే, దాని లెక్కలో ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టలేదు. మిగతా సైట్ల సర్టిఫికెట్లు అంతకు ముందే జారీ అయినవి కావచ్చు, అందుకే అవి తెరుచుకుంటున్నాయి. గడియారం వెనకబడిందని బ్రౌజర్లు కొన్నిసార్లు విడిగా చెబుతాయి గానీ, తేడా కొద్ది రోజులే అయితే ప్రతిసారీ పసిగట్టవు. కొద్ది నిమిషాల తేడాను కాచుకోవడానికి లెట్స్ ఎన్‌క్రిప్ట్ లాంటి సర్టిఫికెట్లు జారీ చేసే సంస్థలు ప్రారంభ సమయాన్ని ఒక గంట వెనక్కి వేసి జారీ చేస్తాయి. రోజుల తేడాను అది కాపాడలేదు.

ప్రశ్న అడిగినవారు:

మీరు చెప్పింది అక్షరాలా నిజం. ఈ రోజు 13 అయితే నా కంప్యూటర్‌లో 9 ఉంది! ఊరెళ్తూ నాలుగు రోజులు ప్లగ్ తీసి ఉంచాను. తిరిగి వచ్చాక సమయం తప్పుగా కనిపిస్తే గోడ గడియారం చూసి గంటలు, నిమిషాలు మాత్రం నా చేత్తోనే సరిదిద్దాను, తేదీ వైపు చూడనే లేదు. సమయాన్ని ఆటోమేటిక్‌గా సరిచేసుకునే సెట్టింగ్ కూడా ఆపేసి ఉంది. దాన్ని ఆన్ చేసి “ఇప్పుడే సింక్ చేయి” నొక్కాను, సైట్ వెంటనే తెరుచుకుంది.

రెండో జవాబు ఇచ్చినవారు:

సంతోషం. ప్లగ్ తీసినప్పుడు గడియారం ఆగిపోతోందంటే మదర్‌బోర్డ్ (కంప్యూటర్ లోపలి ప్రధాన సర్క్యూట్ పలక) మీద ఉండే నాణెం లాంటి బ్యాటరీ బలహీనపడిందన్నమాట. చాలా డెస్క్‌టాప్‌లలో అది సీఆర్2032 రకం, 3 వోల్టులది. కొత్తది వేసేముందు విద్యుత్తు పూర్తిగా తీసేయండి.

ఇదే కోడ్ చూసి ఇక్కడికి వచ్చేవారి కోసం మరో మాట. ఇలాంటివి ముందుముందు ఎక్కువగా కనిపించవచ్చు, ఎందుకంటే సర్టిఫికెట్ల ఆయుష్షును తగ్గించుకుంటూ వస్తున్నారు: 2020 సెప్టెంబర్ 1 నుంచి గరిష్ఠంగా 398 రోజులుగా ఉన్న పరిమితి 2026 మార్చి 15న 200కు, 2027 మార్చి 15న 100కు, 2029 మార్చి 15న 47కు దిగేలా నిర్ణయించారు. సర్టిఫికెట్లు ఎంత తరచుగా మారితే, వెనకబడిన గడియారం అంత తొందరగా బయటపడుతుంది. గడియారం, తేదీ రెండూ సరిగా ఉండి, పాత ఫోన్‌లోనో పాత కంప్యూటర్‌లోనో అనేక సైట్లు ఒకేసారి మొరాయిస్తే మాత్రం ఆ పరికరంలోని మూల సర్టిఫికెట్ల జాబితా, అంటే ఏ జారీ సంస్థలను నమ్మాలో చెప్పే జాబితా, పాతబడిందేమో చూడాలి. 2021 సెప్టెంబర్ 30న డీఎస్‌టీ రూట్ సీఏ ఎక్స్3 అనే మూల సర్టిఫికెట్ గడువు తీరినప్పుడు చాలా పాత పరికరాలలో జరిగింది అదే.

ప్రశ్న అడిగినవారు:

బ్యాటరీ మార్చి, రాత్రంతా ప్లగ్ తీసి ఉంచి, ఉదయం ఇంటర్నెట్ కలపకుండా ఆన్ చేసి చూశాను. ఈసారి తేదీ, సమయం రెండూ నిలిచి ఉన్నాయి.