జాక్సన్ నీళ్ళు: మళ్ళీ నగరం చేతికి ఇవ్వాలా, వద్దా?

నల్గొండ బిడ్డ:
అమెరికాలో మిసిసిపీ రాష్ట్రంలో ఉండే మనవాళ్ళకు ఒక ప్రశ్న. మన రాజధాని జాక్సన్ నీటి వ్యవస్థను 2022 నవంబర్‌లో ఫెడరల్ కోర్టు నగరం చేతుల్లోంచి తీసి టెడ్ హెనిఫిన్ అనే మేనేజర్‌కు అప్పజెప్పింది. అది తాత్కాలిక ఏర్పాటే. ఆ తర్వాత ఎవరికివ్వాలి? నేనైతే నగరానికి వద్దంటాను. పాత గోల్ఫ్ కోర్సు ఒకదాంట్లో పైపు పగిలి రోజుకు దాదాపు 50 లక్షల గ్యాలన్లు ఏళ్ళ తరబడి మట్టిపాలయ్యాయి. బిల్లులు సరిగ్గా వెయ్యలేదు, వేసినవి వసూలు చెయ్యలేదు. అప్పటి మేయర్ చోక్వే అంటార్ లుముంబా మీద 2024లో ఫెడరల్ లంచం కేసు కూడా పడింది (ఆయన తప్పు చెయ్యలేదంటున్నారు, అది కోర్టు చూసుకుంటుంది). చుట్టుపక్కల ఊళ్ళను కలిపి రాష్ట్రం ఒక బోర్డు వేస్తేనే ఇది బాగుపడుతుంది. మీరేమంటారు?

గోదారి గట్టు:
అన్నా, లీకు సంగతి నిజమే. దాన్ని నేను వెనకేసుకురాను. కానీ నేను సౌత్ జాక్సన్‌లో ఉంటాను కాబట్టి నాకు కనబడేది కొంచెం వేరు.

2022 ఆగస్టు చివర్లో పెర్ల్ నదికి వరదొచ్చి నగరానికి నీళ్ళు శుద్ధి చేసే కర్టిస్ ప్లాంటు చేతులెత్తేసింది. మా వైపు ప్లాంటుకు దూరం, పైగా మెరక. అందుకే మాకు అందరికంటే ముందు నీళ్ళు ఆగిపోతాయి, అందరికంటే ఆఖర్న వస్తాయి. కుళాయి తిప్పితే ముందు గాలి, తర్వాత టీ రంగు నీళ్ళు, ఆ తర్వాత అదీ లేదు. మా పక్కింటి పెద్దావిడ చూరు కింద డబ్బా పెట్టి వాన నీళ్ళు పట్టుకుని, మగ్గుతో తోడి టాయిలెట్‌లో పోసుకునేది. నేను నీళ్ళ సీసాల కేసులు మూడు ఆవిడ వాకిట్లో దించితే ఒకటి ఉంచుకుని, రెండు ఎదురింటికి పంపించింది. ఆ ఇంట్లో పసిపిల్ల ఉంది, పాలు కలపాలి.

ఇప్పుడు లెక్క చూడు. 1980లో జాక్సన్ జనాభా 2,02,895. 2020కి 1,53,701. దాదాపు 50 వేల మంది వెళ్ళిపోయారు. కానీ పైపుల పొడవు తగ్గదు కదా, ప్లాంటు ఖర్చు తగ్గదు కదా. 1970లో బడుల్లో నల్ల పిల్లలు, తెల్ల పిల్లలు కలిసి చదవాలని కోర్టు చెప్పాక తెల్లవాళ్ళు పోవడం మొదలైంది. తర్వాత డబ్బున్న నల్లవాళ్ళు కూడా పక్కనున్న మాడిసన్, ర్యాంకిన్ కౌంటీలకు సర్దుకున్నారు. పొద్దున ఇక్కడికి ఉద్యోగానికొస్తారు, ఇంటి పన్ను మాత్రం అక్కడ కడతారు. పైగా రాజధాని కాబట్టి ఊరి నిండా రాష్ట్ర ప్రభుత్వ భవనాలు, వాటికి ఆస్తి పన్ను లేదు. మిగిలిన జనంలో దాదాపు నాలుగో వంతు పేదవాళ్ళు. ఆ భారమంతా వాళ్ళ బిల్లుల మీదే పడుతుంది.

రాష్ట్రం బాగుచేస్తుందంటున్నావు. 2021 ఫిబ్రవరి చలికి పైపులు పగిలి వారాల తరబడి నీళ్ళు లేనప్పుడు నగరం 4.7 కోట్ల డాలర్లు అడిగింది. శాసనసభ ఇచ్చింది 30 లక్షలు. 2014లో రోడ్లు, పైపుల కోసం జనం తమ మీద తామే 1 శాతం అమ్మకం పన్ను వేసుకున్నారు. ఆ డబ్బు ఎక్కడ పెట్టాలో తేల్చే కమిషన్‌లో మేయర్ మనుషులకు మెజారిటీ ఉండకుండా రాష్ట్రం ముందే చట్టం రాసి పెట్టుకుంది. పన్ను కట్టేది వీళ్ళు, అజమాయిషీ వాళ్ళది.

నల్గొండ బిడ్డ:
నేనుండేది మాడిసన్‌లోనే, దాచేదేం లేదు. నువ్వు చెప్పినవి కాదనను. కానీ రాష్ట్రం వివక్ష చూపించిందని వచ్చిన ఫిర్యాదు మీద పర్యావరణ సంస్థ ఈపీఏ విచారణ చేసి, ఆధారాలు చాలవని 2024లో చెప్పింది. అదీ లెక్కలోకి రావాలి. ఇక నీటి మీటర్లకని సీమెన్స్ కంపెనీకిచ్చిన కాంట్రాక్టు సంగతి? 9 కోట్ల డాలర్ల పని, మీటర్లు తప్పుగా తిరిగాయి. ఆ సంతకం నగరానిదే కదా?

పల్నాడు పిల్ల:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నేను ఇక్కడే ఒక క్లినిక్‌లో నర్సుని. నీళ్ళు మరగడం మొదలయ్యాక ఇంకో నిమిషం ఉంచి దించండి అని ఆ రోజుల్లో రోజుకు ఎంతమందికి చెప్పానో. నా ప్రశ్న వేరు. బిల్లు ఎవరు కడతారు? ఇంటి విలువను బట్టి బిల్లు వేద్దామని హెనిఫిన్ అన్నారు. పెద్దిల్లు ఉన్నవాళ్ళు ఎక్కువ, చిన్నిల్లు వాళ్ళు తక్కువ కడతారు. 2023లో శాసనసభ అది కుదరదని, వాడకాన్ని బట్టే వెయ్యాలని చట్టం చేసింది. అలాంటప్పుడు బోర్డు ఎవరిదైతే మాత్రం నా పేషెంట్లకు ఒరిగేదేముంది?

గోదారి గట్టు:
అక్కా, అసలు మాట నువ్వన్నావు. అన్నా, సీమెన్స్ సంతకం నగరానిదే, నగరమే తప్పు చేసింది. 2019లో కేసు వేసి, తర్వాతి ఏడాది దాదాపు పెట్టినంత డబ్బూ రాబట్టుకుంది. అందులో మూడో వంతు లాయర్లకే పోయింది. ఆ మీటర్ల గందరగోళంలో ఏళ్ళ తరబడి బిల్లు రాని ఇళ్ళున్నాయి. ఒక్కసారిగా వేల డాలర్ల బిల్లు వచ్చిన ఇళ్ళూ ఉన్నాయి. నగరం మీద జనానికి నమ్మకం పోయింది అప్పుడే. ఈపీఏ మాట కూడా ఒప్పుకుంటాను. కానీ ఆధారాలు చాలకపోవడం వేరు, డబ్బు సరిపోవడం వేరు.

అయితే ఒక్కటి చెప్పు. లుముంబా పాలన నచ్చక 2025లో జాక్సన్ ఓటర్లే ఆయన్ని దించేసి జాన్ హార్న్‌ను తెచ్చుకున్నారు. రేపు రాష్ట్రం వేసిన బోర్డు తప్పు చేస్తే మా వీధివాళ్ళు ఎవర్ని దించాలి? గవర్నర్‌నా? అందుకే నగరానికే తిరిగివ్వాలంటాను. ఊరికే కాదు. నీటి బిల్లుల డబ్బు వేరే ఖాతాలో ఉండాలి, నగరం దాన్ని ఇంకో పనికి ముట్టుకోకూడదు. ఇంజనీర్లకు తగిన జీతాలివ్వాలి. రాష్ట్రం తన భవనాల వాడకానికి తగ్గట్టు ఏటా ఇంత అని కట్టాలి. 2022 డిసెంబర్‌లో అమెరికా పార్లమెంటు (కాంగ్రెస్) ఇచ్చిన 60 కోట్ల డాలర్లు ఎన్నేళ్ళో సరిపోవు.

నల్గొండ బిడ్డ:
వేరే ఖాతా, ఇంజనీర్ల జీతాలు, ఈ రెండూ చట్టంలో రాస్తే నేను సగం ఒప్పుకున్నట్టే. మిగతా సగం రేట్ల దగ్గర ఆగిపోయింది. ఎన్నికల ముందు ఏ మేయరైనా రేటు పెంచుతాడా? పెంచకపోతే మళ్ళీ 2022కే వస్తాం. దానికి జవాబు కావాలి.

పల్నాడు పిల్ల:
పెంచితే మా క్లినిక్‌కి వచ్చేవాళ్ళు మందులు మానేస్తారు. పెంచకపోతే నీళ్ళుండవు. ఫుడ్ స్టాంపులు, అంటే పేదలకు ప్రభుత్వమిచ్చే తిండి సాయం, తీసుకునే కుటుంబాలకు తక్కువ రేటు పెట్టాలని ప్లాన్ వేశారు కదా, ముందు అది నిలబడేలా చూడండి. ఎవరి చేతికిచ్చినా నేను అడిగేది అదే.