అప్‌డేట్: రొయ్యల హేచరీ ల్యాబ్‌లో ఇంటర్న్‌షిప్‌కి చేరిపోయాను

బీఎస్సీ జువాలజీ చదువుతున్నాను, మైక్రోస్కోప్ అలవాటు లేదు, నెల్లూరు తీరంలో రొయ్య పిల్లల్ని పుట్టించి పెంచే హేచరీ ల్యాబ్‌కి ఇంటర్న్‌షిప్‌కి వెళ్లొచ్చా అని అడిగాను కదా. చేరిపోయాను. ధైర్యం చెప్పిన అన్నలకీ అక్కలకీ థ్యాంక్స్.

పొద్దున్నే ట్యాంకులో నీళ్లు బీకరులోకి తీసి లైటుకి ఎదురుగా పట్టుకుని చూడటంతో పని మొదలవుతుంది. వనామీ రకం రొయ్య పిల్ల, గుడ్డులోంచి రాగానే ఉండే నాప్లియస్ దశలో ఏమీ తినదు, ఒంట్లో ఉన్న పచ్చసొనతోనే బతుకుతుంది. తర్వాతి దశ జోయియాకి రాగానే కీటోసెరాస్ అనే నాచు పెట్టాలి, అందుకే నాచు గదిలో చిన్న తేడా వచ్చినా అందరికీ టెన్షన్. బాగా తిన్న జోయియా వెనక సన్నటి దారంలా మలం వేలాడుతుంది, అది కనిపించకపోతే వెంటనే సీనియర్ అక్కకి చెప్పాలి. మైక్రోస్కోప్ కింద ఆ దారం స్పష్టంగా కనిపించినప్పుడు నాకు ఎంత సంతోషమేసిందో.

రోగాన్ని దాని జన్యుపదార్థంతో పట్టే పీసీఆర్ టెస్ట్ ఇంకా చేతికివ్వలేదు, పక్కన నిలబడి చూస్తున్నా. సీడ్‌ని, అంటే చెరువుల్లో వదలడానికి రైతులు కొనే రొయ్య పిల్లల్ని, తెల్లమచ్చ వైరస్‌కీ, ఈహెచ్‌పీ అనే సూక్ష్మ పరాన్నజీవికీ టెస్ట్ చేస్తారు. ఈహెచ్‌పీ సోకిన రొయ్య వెంటనే చచ్చిపోదు, కానీ ఎదగదు, మేత ఖర్చు మాత్రం ఆగదు. మా ఊరి రైతులు సీడ్ కొనేముందు రిపోర్టు కోసం ఎందుకంత పట్టుబడతారో ఇప్పుడు అర్థమైంది.

స్టైపెండ్ బస్సు చార్జీలకి సరిపోతుంది, అంతే. పీజీకి విక్రమ సింహపురి యూనివర్సిటీలో మెరైన్ బయాలజీకి ప్రయత్నిద్దామనుకుంటున్నా, అక్కడ చదివినవాళ్లు ఉంటే ప్రాక్టికల్స్ ఎలా ఉంటాయో చెప్పండి.