ఇంగ్లీష్ క్రియల భూతకాల రూపాలు గుర్తుండే దారి చెప్పండి

అందరికీ నమస్కారం. మాది దిల్‌సుఖ్‌నగర్. మా చెల్లి డిగ్రీ దాకా తెలుగు మీడియమే, ఇప్పుడు మాదాపూర్ కంపెనీల ఇంటర్వ్యూలకు తయారవుతోంది. వాక్, వాక్డ్ లాంటివాటితో ఇబ్బంది లేదు. టెన్షనంతా నియమానికి లొంగని క్రియలతోనే.

కోఠిలో కొన్న పాత గ్రామర్ పుస్తకంలో పెద్ద పట్టికే ఉంది కానీ, ఏ నుంచి జెడ్ దాకా బట్టీ పడితే నిలుస్తుందని నాకు నమ్మకం లేదు. అందుకే గుంపులుగా విడదీశాం. కట్, పుట్, హిట్ అసలు మారవు. సింగ్, స్యాంగ్, సంగ్ దారిలోనే రింగ్, ర్యాంగ్, రంగ్. అంతలో బ్రింగ్ అడ్డొచ్చింది, దానికి బ్రాట్ అట! రీడ్‌కి స్పెల్లింగ్ అదే, భూతకాలంలో పలకడం మాత్రం రెడ్.

అసలు చిక్కు లై, లే దగ్గర. పడుకోవడానికి లై, దాని భూతకాలం లే. ఏదైనా ఒకచోట పెట్టడానికీ లే, దాని భూతకాలం లెయిడ్. అబద్ధమాడే లై అయితే లైడ్. ఇవి కలిసిపోకుండా మీరెలా నేర్చుకున్నారు?

ఇంకొకటి. బ్రిటిష్ వాళ్లు లర్న్‌ట్, లర్న్‌డ్ రెండూ వాడతారు, అమెరికన్లు ఎక్కువగా లర్న్‌డ్ అంటారు. గాట్ బదులు గాటెన్ కూడా అక్కడే ఎక్కువ. అమెరికా క్లయింట్లతో మాట్లాడే ఉద్యోగానికి ఏది అలవాటు చేసుకోవాలి? ఇంటర్వ్యూలు తీసుకునేవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.